నా కాలు ఆగిన ఇళ్ళు

ఆత్మకూరు, ఉదయగిరి, దుత్తలూరు పేర్లు చెప్తా, అవి అందరికీ తెలిసినవే. నేను పోయి చూసిన పాత ఇళ్ళు ఏ ఊళ్ళో ఉండాయో మాత్రం అడగొద్దు. చెప్తే ఏమవుతాదో చూసినదాన్ని. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్పుకుంటా పోతా, రాసే అమ్మాయి రాస్తాది. వరస తప్పితే సర్దుకోమన్నా. పేర్లు మాత్రం పెట్టొద్దన్నా.

ముందు నా కాళ్ళ సంగతి చెప్పాల.

నేను ఎదురుకాళ్ళతో పుట్టినాను. తల రావాల్సిన కాడ కాళ్ళు ముందొచ్చినాయంట. మా అమ్మ చచ్చి బతికింది. మా అవ్వ బొడ్డు కోసి, నా పాదాలు పట్టుకోని చూసి, "ఈ కాళ్ళకి పని ఉండాది" అనిందంట. మా పక్క ఎదురుకాళ్ళోళ్ళు తొక్కితే పట్టేసిన నడుము వదుల్తాదని నమ్మకం. నడక వచ్చిన కాడినుంచీ తొక్కతానే ఉండాను. మూటలెత్తి నడుము విరుచుకున్నోళ్ళు, నాట్లల్లో వంగి లేవలేనోళ్ళు, బస్సు కుదుపుకి బిగుసుకపోయినోళ్ళు, అందరూ మా వాకిట్లో బోర్లా పడుకున్నోళ్ళే. ఎడం కాలి మడమతో తొక్కాల. తొక్కేటప్పుడు నోరు మెదపకూడదు. డబ్బు ముట్టుకోకూడదు. ఒక్క తొక్కుడుతో అయ్యేది కాదు, మూడు ఆదివారాలు తొక్కాల. సగంలో ఆపితే ఆ నొప్పి తిరిగి మనిషిని వెతుక్కుంటా వస్తాది.

ఇప్పుడు ఆ ఎడం కాలికే జబ్బు. షుగరు. నడస్తా ఉంటే ఉన్నట్టుండి పాదం తిమ్మిరెక్కుతాది. ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాల, కూలబడి పిసుక్కోవాల. డాక్టరు మాత్రలిచ్చి, "నరాలమ్మా, చెప్పుల్లేకుండా తిరగబాక" అన్నాడు. పుట్టినప్పుడు మా అవ్వ చెప్పిన మాటా, ముసిలితనంలో ఈ డాక్టరు చెప్పిన మాటా, రెండూ ఈ కాలి మీదే.

మా ఇంటాయన ఉదయగిరి దుర్గం చూడను వచ్చినోళ్ళని కొండెక్కించేవాడు. పైన మసీదులు, కూలిపోయిన గుళ్ళు, కోనేర్లు, నీళ్ళకి పోయే మెట్లదారి, అన్నీ చూపించి, దిగొచ్చేటప్పుడు మా ఇల్లు కూడా చూపించేవాడు. మాది రాతిగోడల మిద్దె. కొండ మీద రాజులున్న కాలంలో వాళ్ళ గుర్రాల మీద అజమాయిషీ చేసినాయన కట్టించినాడని అందరికీ చెప్పేవాడు. అది నిజమో, చెప్పగా చెప్పగా నిజమైందో నాకు తెలవదు. గోడ మందం మాత్రం నిజం. కిటికీలో నేను కాళ్ళు ముడుచుకోని పడుకోవచ్చు. తలుపు పైకమ్మి మీద చెక్కిన తామర పువ్వు ఉండాది. నట్టింట్లో రోహిణి కార్తెలో కూడా చల్లగా ఉంటాది.

ఆ నట్టింట్లోనే పోయినాడు. పొద్దున కొండెక్కి దిగొచ్చి, మజ్జిగ అడిగినాడు. నేను తెచ్చేలోపల గోడకి ఆనుకోని అట్టనే ఉండిపోయినాడు. చూసేదానికి నిద్రపోతన్నట్టే ఉండాడు.

పంతులు నక్షత్రం చూసి, "ధనిష్ఠా పంచకంలో పోయినాడు, ఆరు నెలలు ఇల్లు పాడుబెట్టాల" అన్నాడు. తెలవనోళ్ళకి చెప్తా. అట్టాంటి నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంట్లో ఎవురూ ఉండకూడదు. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. తాళమేసి వాకిలికి ముళ్ళకంప కొడతారు. గడువు తీరేలోపల తెరిస్తే పోయినోడు ఇంటి మనిషిని ఇంకొకర్ని తోడు తీసకపోతాడంటారు. నా అల్లుడే చిల్లకంప నరుక్కొచ్చి వాకిలికి అడ్డం పెట్టినాడు. నేను తాళంచెవి కొంగున ముడేసుకోని కూతురింటికి ఆత్మకూరు పోయినాను.

నా కూతురు మంచిదే. అన్నం ముందు నాకే పెడతాది. కానీ ఉదయగిరిలో నేను ఉత్తగా కూచున్నదాన్ని కాదు. సాయిబులు చెక్కిన కొయ్య గరిటెలు తెచ్చి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసిస్తా ఉండేదాన్ని. ఆత్మకూరులో ఒక కుర్చీ, ఒక టీవీ. ఎవురన్నా పెళ్ళికో పేరంటానికో పోతా ఉంటే నేను ఎదురు రాకూడదని లోపలి గదిలో కూచోవాల. నాకు ఒకటే కోరిక ఉండింది. గడువు తీరాల, కంప తీయాల, నా నట్టింట్లో నేను పడుకోవాల. ఆ ఇల్లు నిలవాల. అంతకుమించి నాకేం వద్దు.

అల్లుడికి అద్దె కారు ఉండాది. ఒకనాడు మధ్యాన్నం అన్నానికొచ్చి అడిగినాడు.

"అత్తా, కారులో తిరిగొస్తావా? పనేం లేదు, కూచోవడమే."

"ఎవురి కోసం కూచోవాల?"

"ఎవురో భార్యాభర్తలంట. పాత ఇళ్ళ మీద పుస్తకం రాస్తారంట. ఆడోళ్ళుండే ఇళ్ళల్లో లోపలి గదులు చూడాలంటే తోడు ఒక పెద్ద ముత్తైదువ..." అని నాలుక కరుచుకున్నాడు. "పెద్దామె ఎవురన్నా ఉంటే బాగుంటాదన్నారు."

"నేను ఎదురొస్తే జనం బండ్లు ఎనక్కి తిప్పుకుంటారు. నువ్వు నన్ను ముందు సీట్లో కూచోబెడతావా అబ్బయ్యా?"

"నా కారుకి అట్టాంటి పట్టింపుల్లేవు అత్తా. డీజిలుంటే కదుల్తాది."

నవ్వొచ్చింది. ఆయన పోయినాక అదే మొదటిసారి నవ్వడం. సరే అన్నా.

ఆ ఇద్దరూ మర్యాదస్తులు. ఆయన పొడుగు మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో వెండి పొన్ను కర్ర. ఆమె మెడలో కెమెరా. "అమ్మా, మీరు" అనే మాట తప్ప ఇంకో మాట లేదు. దారి పొడుగునా నా చేత మాట్లాడించినారు. నా మొగుడు కొండెక్కించిన సంగతి, మా ఇల్లు, తామర పువ్వు, చెడ్డ నక్షత్రం, కంప కొట్టిన వాకిలి, అన్నీ చెప్పినా. విధవరాలి మాట వినేదానికి ఎవురుంటారు? వింటా ఉంటే చెప్పబుద్ధవుతాది.

మొదటి ఇల్లు దుత్తలూరు దాటినాక లోపలికి పోయే ఒక పల్లెలో. ఇంటోళ్ళంతా నెల్లూరులో ఉంటారు. కావిలికి ఒక గొర్రెలాయన ఉండాడు. ఆయన ఆ మండువాలోనే గొర్రెల్ని తోలుకుంటాడు.

"చూసుకోండి, చూసుకోండి," అన్నాడు. "రాజుల సొమ్ము రాళ్ళపాలు, ఈ ఇల్లు నా గొర్రెల పాలు. కాలు చూసి పెట్టండి, పెంటికలుంటాయి."

నేను నా ఇల్లు తప్ప ఇంకో పాత ఇల్లు లోపలికి పోయి చూడలా అప్పటిదాకా. ఎంత ఇల్లో చెప్పలేను. టేకు స్తంభాలు గొర్రెలు ఒళ్ళు రుద్దీ రుద్దీ నున్నగా మెరస్తన్నాయి. ఉయ్యాల కొక్కేలు దూలానికి ఉండాయి, ఉయ్యాల లేదు. గోడ మీద ఏ పెళ్ళిలోనో వేసిన పసుపు చేతుల అచ్చులు, ఒక్కొక్కటి వెలిసిపోయి, మనుషులు గోడ అవతలి నుంచి నెడతన్నట్టు కనిపించినాయి. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. బాగుండాది కూడా. రెండూ అనిపించినాయి.

ఆ పొడుగాయన గింజల పాతర యాడుండేదని గొర్రెలాయన్ని అడిగి అడిగి విసిగించినాడు. ఎత్తు గడప దిగతా దిగతా ఒక్కసారి "అమ్మా" అని నడుం పట్టుకోని నిలబడిపోయినాడు. కదల్లేడు, కూచోలేడు. భార్య కంగారు పడతా ఉంది. నేనుండి, "పడుకోండి అయ్యా, నేను తొక్కతా" అన్నా. అది నాకు ఎవురూ చెప్పకుండా వచ్చే మాట. నడుము నొప్పి అంటే నా నోట్లోనుంచి ఆ మాటే వస్తాది.

ఆ పొద్దు ఆదివారమే. వసారాలో బోర్లా పడుకున్నాడు. స్తంభం పట్టుకోని మడమతో తొక్కినా. లేచి నిలబడినాడు. నడిచి చూసుకున్నాడు.

ఆమె మెల్లిగా అడిగింది. "అమ్మా, మీరు ఎదురుకాళ్ళతో పుట్టినారా?"

"అవునమ్మా."

వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ చూపు నాకు గుర్తుండాది. అప్పుడు మాత్రం, నయమైందని సంతోషం అనుకున్నా.

"ఇంకో రెండు ఆదివారాలు తొక్కించుకోవాల అయ్యా, లేకపోతే తిరగబెడతాది" అన్నా.

"తప్పకుండా అమ్మా. మీ దగ్గరికే వస్తాను" అన్నాడు.

ఆ తర్వాత ఆమె, "చెప్పులు ఇక్కడే వదిలేయండమ్మా, పాత ఇల్లు గదా, గౌరవం" అనింది. నేను విప్పినా. వాళ్ళ బూట్లు వాళ్ళ కాళ్ళకే ఉండాయి. నన్ను ముందు నడవమని ఇద్దరూ ఎనకాల వచ్చినారు. ప్రతి గదీ తిప్పినారు. చల్లని బండల మీద తిరిగి తిరిగి నా ఎడం కాలు తిమ్మిరెక్కింది. నట్టింట్లో దీపం గూటి కింద కూలబడినా. ఆమె ఫోటో తీసింది. గూటిని తీస్తాంది అనుకున్నా. కెమెరా కిందికి ఉండాది, నా పాదం మీదికి. నేను లేచినాక ఆయన జేబురుమాలు అక్కడ జారింది. వంగి తీసుకోలా. భార్య వచ్చి గోడ నుంచి అడుగులేసుకుంటా, మనసులో ఏదో లెక్కేసుకోని, అప్పుడు తీసింది.

రెండోసారి తీసుకపోయింది ఒక పాత దొరల బంగ్లాకి. చర్చి మిషనోళ్ళ కాలం నాటిది. పెంకుటింటి చుట్టూ వరండా, ఎనకాల పేరు చెరిగిపోయిన సమాధులు. అక్కడ కావిలి ఉండే ఆమె నా ఈడుదే, చర్చి మనిషి, నోరు పెద్దది. నేను చెప్పులు విప్పతా ఉంటే చూసి ఊరుకోలా.

"ఏంది వదినా ఇది? వాళ్ళు బూట్లతో వస్తారు, నువ్వు ఒట్టి కాళ్ళతో వస్తావా? మా దేవుడు కూడా పరిశుద్ధ స్థలంలో చెప్పులు విప్పమన్నాడు గానీ, ఒకళ్ళనే విప్పమన్లా."

వాళ్ళు నవ్వినారు, బూట్లు విప్పలా. నాకు కొంచెం సిగ్గేసింది. కానీ ఆ బంగ్లా చూసే ఆశ ఎక్కువ. మెట్ల నడుమ చెక్క అరిగి గుంట పడుండాది, ఎన్ని పాదాలు నడిచినాయో. పైకి చూస్తే గబ్బిలాలు ముడుచుకోని వేలాడతన్నాయి. ఒక గదిలో తలుపు దానంతటదే మూసుకుంటా ఉండింది, గాలి లేకపోయినా. "ఆ గది వాలుగా ఉండాది, దెయ్యమేం కాదులే" అనింది చర్చి ఆమె. అని, తాను మాత్రం గడప దాటలా.

ఆ గదిలోనే నా కాలు ఆగింది. కూలబడినా. చర్చి ఆమె గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. నేను తాగతా ఉంటే ఆ పొడుగాయన కర్రతో నా చుట్టూ నేల తట్టినాడు. టక్కు, టక్కు, టక్కు. నా పక్కన మాత్రం ఆ చప్పుడు మారింది. బోలుగా వినిపించింది. భార్య వైపు చూసి తల ఊపినాడు.

"మళ్ళీ ఏ ఇల్లమ్మా?" అని నేనే అడిగినా తిరిగొచ్చేటప్పుడు.

"మీ ఇల్లే అమ్మా," అన్నాడు. "ఉదయగిరి. అది చూడకపోతే పుస్తకమే లేదు."

"గడువు తీరలా అయ్యా. తీసేదానికి లేదు."

"బయట నుంచి చూద్దాం లెండి."

బయట నుంచి చూసేదానికి ఏమన్నా తప్పుందా? నాకూ ఇల్లు చూడాలనే ఉండాది. పోదామన్నా.

కొన్నాళ్ళకి ఒక పొద్దు బయలుదేరినాము. దుత్తలూరులో టీకి ఆపినాడు అల్లుడు. వాళ్ళిద్దరూ ఏసీ వదిలి దిగలా. నేను దిగి కాళ్ళు సాపుకుంటా ఉంటే టీ కొట్టు బెంచీ మీద ఆ గొర్రెలాయన కూచోనుండాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టేసినాడు.

"ఏమ్మే పెద్దమ్మా, మళ్ళీ బయలెల్లినావా?" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "ఈసారి ఎవురి కొంప?"

"ఏంది ఆ మాట అబ్బయ్యా?"

కారు వైపు చూసి, గ్లాసు తీసుకోని, నన్ను కొట్టు ఎనక్కి రమ్మన్నాడు.

"మీరొచ్చిపోయినాక అమాసకి నేను కలిగిరి సంతకి గొర్రెల్ని తోలకపోయినా. తిరిగొచ్చి చూస్తే నట్టింట్లో మనిషి లోతు గుంట. చుట్టూ కోసిన నిమ్మకాయలు, కుంకం, నల్లకోడి ఈకలు. స్తంభం కింద రాయి కూడా పెకలించినారు, దూలం ఒరిగింది. పెద్దమ్మా, నువ్వు కూలబడినావే, దీపం గూటి కింద, సరిగ్గా ఆడ."

"పోలీసులకి చెప్పినావా?"

"చెప్తే ముందు నన్నే కూచోబెడతారు. తాళం నా కాడే గదా ఉండేది. నా గొర్రెలు ఆ ఇంట్లోకి రావడం మానేసినాయి. గడప కాడ నిలబడి వాసన చూస్తాయి, ఎనక్కి తిరుగుతాయి. ఆ బంగ్లా సంగతి తెలిసిందా నీకు?"

"లేదు."

"ఆడ కావిలుండే ఆమె మందులకి మా ఊరు డాక్టరు కాడికొచ్చింది. వాళ్ళ కాడ కూడా తవ్వినారంట. ఆమె ఆదివారం ప్రార్థనకి పోయి వచ్చేలోపల. యాడ అని అడిగితే, ఉదయగిరామె కూలబడితే నీళ్ళిచ్చినానే, ఆడ అనింది."

నా పాదాల వైపు చూసినాడు. ఊరికే అట్ట చూసినాడు, కానీ నేను పాదాలు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కున్నా.

"నువ్వు ఎదురుకాళ్ళదానివంటగా. తెలవదా నీకు? నిధి తవ్వేవోళ్ళు మీ అట్టాంటోళ్ళ కోసం తిరుగుతా ఉంటారు. ఒట్టి కాళ్ళతో నడిపిస్తే, కింద ధనం ఉన్న కాడ కాలు ఆగుతాదంట."

"అది షుగరు అబ్బయ్యా."

"షుగరో బెల్లమో. వాళ్ళకి నీ కాలు చాలింది." గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోసినాడు. "ఏమన్నా దొరికిందా అని అడగబాక. దొరికితే ఇంకో ఇంటికి ఎందుకు పోతారు?"

అల్లుడు హారన్ కొట్టినాడు.

ఆడనే బస్సెక్కి ఆత్మకూరు పోయుండొచ్చు. అట్ట పోతే వాళ్ళు ఆగుతారా? ఉదయగిరిలో ఎవుర్ని అడిగినా తామర పువ్వు ఇల్లు చూపిస్తారు. తాళమేసి ఉండాదని నేనే చెప్పినా. కంప ఉండాదని నేనే చెప్పినా. పక్కింటోళ్ళు కూడా ఆ నీడ తొక్కరని, గడువు దాకా అటు కన్నెత్తి చూడరని నేనే చెప్పినా. దొంగకి ఇంతకంటే మంచి ఇల్లు యాడ దొరుకుతాది? కుక్క లేదు, దీపం లేదు, మనిషి లేడు. నక్షత్రమే కావిలి తీసేసింది. నా రాతిగోడల కింద మనిషి లోతు గుంట తవ్వితే ఆ మిద్దె నిలుస్తాదా?

పోయి కారెక్కినా. ముందు సీట్లో కూచున్నా. ఎనకనుంచి ఆమె, "ఏంటమ్మా, చెమట్లు పట్టినాయి, ఒంట్లో బాగుందా?" అనింది. బాగుండాదన్నా. ఆమె నీళ్ళ సీసా ఇచ్చింది. తాగలేదు. ఒళ్ళో పెట్టుకున్నా.

కొండ కనబడే మలుపు కాడ మా ఇంటాయన ప్రతిసారీ బస్సు కిటికీలోంచి దణ్ణం పెట్టేవాడు. ఆ పొద్దు కొండ మీద మబ్బు దిగుండాది. పైన గోడలు కనపడలా, కింద నల్లరాయి మాత్రం కనపడింది. కొండకి తల లేనట్టుండింది. వాళ్ళు దాని వైపు కూడా చూడలా. పాత ఇళ్ళ మీద పుస్తకం రాసేవోళ్ళు ఉదయగిరి కొండ చూడకుండా సందులోకి తిప్పమన్నారు.

ఇంటి ముందు దిగినాము. చిల్లకంప ఎండి గోధుమ రంగుకి తిరిగింది. మధ్యలో ఒక కొమ్మ పక్కకి జరిగి, మనిషి ఒంగి దూరేంత సందు ఉండాది. నేను అల్లుడి వైపు చూసినా. "మేకలేమో అత్తా" అన్నాడు. ఎండిపోయిన చిల్లకంపలోకి ఏ మేక దూరుతాది?

పొడుగాయన కర్ర లోపలికి పెట్టి గోడ తట్టినాడు. తలుపు మీది తామర పువ్వుని చాలాసేపు చూసినాడు. "చెప్పులు విప్పండమ్మా," అన్నాడు. "ఒక్కసారి లోపలికి పోయొద్దాం."

"గడువు తీరలా."

"ఒక్క నిమిషం. ఎవరూ చూడరు."

"ఆయన చూస్తాడు."

భార్య ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉండాది, ఏసీకి. "మీరు ఇంత తెలివైన మనిషి, ఇట్టాంటివి నమ్ముతారామ్మా? మేము నక్షత్రాలూ అవీ నమ్మం."

"నక్షత్రం నమ్మరు," అన్నా. "నా కాళ్ళు నమ్ముతారా?"

ఆమె చెయ్యి వదిలేసింది. అల్లుడు నన్నూ వాళ్ళనీ మార్చి మార్చి చూస్తన్నాడు, వాడికి ఏమీ తెలవదు. పొడుగాయన మొహంలో కోపం కూడా లేదు. కోపం ఉన్నా బాగుండు. కంప సందులోంచి లోపలికి చూస్తా, నెమ్మదిగా చెప్పినాడు.

"తొందరేం లేదమ్మా. ఇంకా గడువుంది గదా. ఖాళీ ఇల్లే గదా. ఎప్పుడైనా చూడొచ్చు." తర్వాత నడుము మీద చెయ్యేసుకున్నాడు. "నా నడుం బాకీ కూడా ఉంది మీకు. మర్చిపోకండి."

నేను అల్లుడికి చెప్పినా. "అబ్బయ్యా, వీళ్ళని ఆత్మకూరులో దించెయ్యి. నేను రాను."

"అత్తా, యాడుంటావు?"

"పో నాయనా. ఇంటికి పోయినాక ఫోన్ చెయ్యి. పోయిన వెంటనే చెయ్యి."

వాళ్ళ ముందర ఇంకేం చెప్పేది? వాడు వాళ్ళతో ఒక్కడే దారెంట పోవాల. కారు సందు తిరిగిందాకా నిలబడినా. ఆమె అద్దంలోంచి చూస్తా చెయ్యి ఊపింది, చుట్టాలు ఊపినట్టు.

తర్వాత నేను కంప లాగినా. చేతులు చీరుకపోయినాయి. ఎదురింటి ఆమె అరుగు మీదనుంచి, "ఒసే, నీకేమన్నా పిచ్చి పట్టిందా? గడువు లోపల తీస్తావా? నీ ఇంట్లో ఇంకో పీనుగ లేవాలా?" అని కేకేసింది. కేకేసి, లోపలికి పోయి తలుపేసుకుంది. దగ్గరికి మాత్రం రాలా. ఎవురూ రాలా. ఆ ఒక్క సాయిబుల పెద్దామె, నాకు గరిటెలిచ్చే ఆమె, కొడవలి తీసుకోనొచ్చింది. కొమ్మలు నరికి పక్కకి లాగింది.

"నీకు భయం లేదా అక్కా?" అన్నా.

"మా కాడ మీ నక్షత్రాల్లేవు గదే," అనింది. "ఉండేదంతా దేవుడు రాసిందే. లాగు, లాగు, ఆ కొమ్మ నా కాలి మీద పడతాంది."

తాళం తీసినా. లోపల గబ్బు వాసన. నట్టింట్లో ఆయన ఆనుకున్న గోడ కాడ నేల మీద గడపార మొన పొడిచిన గుర్తులు, లోతు లేవు, అప్పుడే మొదలుపెట్టి ఆపినట్టు. ఎనక కిటికీ కమ్మి ఒకటి వంగుండాది. అంటే ముందే వచ్చి చూసినారు. యాడ తవ్వాలో తెలవక నా కాలు కోసం ఆగినారు.

పొయ్యి వెలిగించినా. దీపం పెట్టినా. తోడు తీసకపోయేదుంటే నన్నే తీసకపో, ఇంకెవుర్నీ వద్దు అని గోడకి చెప్పినా.

అల్లుడు ఫోన్ చేసినాడు, చేరినానని. వాళ్ళు ఆత్మకూరు బస్టాండు కాడ దిగి, బాడుగ కంటే ఎక్కువే ఇచ్చి పోయినారంట. అప్పుడు జరిగిందంతా చెప్పినా. పోలీసులకి కూడా చెప్పినాము. వచ్చినారు, వంగిన కమ్మి చూసినారు, రాసుకున్నారు, పోయినారు. ఆ భార్యాభర్తలు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు మోగదు. పుస్తకం పేరు ఎవురికీ తెలవదు.

నా కూతురు ఆ పొద్దు ఫోన్లో ఏడ్చింది. "అమ్మా, ఏం పని చేసినావు? నీ ఇల్లు కాపాడుకుంటానని తెరిచినావు. నా మొగుడు రోజూ రోడ్డు మీద తిరిగే మనిషి. ఆయనకేమన్నా అయితే?"

ఖాళీగా పెడితే ఇల్లు పోతాది. ఉంటే మనిషి పోతాడంటారు. నేను ఉండాను. కూతురు ఇప్పటికీ ఈ గడప తొక్కలా. అల్లుడు వస్తాడు, సందు చివర కారు ఆపి వాకిట్లో నిలబడి మాట్లాడతాడు, లోపలికి రాడు. నేనే రావొద్దంటా. వాడు నెల్లూరు పోయినాడంటే తిరిగొచ్చినానని ఫోన్ వచ్చిందాకా ముద్ద దిగదు. ఒకసారి సంగం కాడ లారీ అడ్డం తిరిగి దారి ఆగింది, ఫోన్ తగల్లేదు. ఆ పొద్దంతా నేను గోడ వైపు చూడలా. చూస్తే ఆయన్ని ఏమంటానో అని.

గడువు ఇంకా తీరలా. కొండ చూడను వచ్చినోళ్ళు ఇంకా వస్తన్నారు, మంచోళ్ళే, పిల్లల్ని ఎత్తుకోని వస్తారు, తామర పువ్వు కాడ ఫోటో దిగుతారు. ఇంతకుముందు లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చేదాన్ని. ఇప్పుడు వాకిట్లోనే ఇస్తన్నా. వాళ్ళ కళ్ళు నా మొహం మీద ఉండాయా, పాదాల మీద ఉండాయా అని చూస్తా. నడుములు తొక్కడం మానేసినా. ఎవురన్నా వస్తే నా కాలు చచ్చిపోయిందని చెప్తన్నా.

ఇంకొక సంగతి చెప్పి ఆపుతా. ఇంట్లో కూడా నేను చెప్పులేసుకోనే తిరుగుతా, డాక్టరు చెప్పినట్టు. ఒక పొద్దు నేల కడుగుతా కడుగుతా చెప్పులు విప్పినా. ఒక కాడ నా ఎడం కాలు ఆగింది. కూలబడి పిసుక్కున్నా. షుగరే. ఇంకేముంటాది? రెండోనాడు మళ్ళీ అదే కాడ ఆగింది. సాయిబుల పెద్దామెని పిలిచి, రోలు జరపాల అక్కా, సాయం పట్టు అన్నా. ఇద్దరం దొర్లించి ఆ కాడ పెట్టినాము. ఎందుకే ఈడ, నడిచేదానికి అడ్డం గదా అనింది. ఉండనీ అన్నా. రోలు ఏ గదిలో ఉండాదో ఈ రాసే అమ్మాయికి కూడా చెప్పలా, ఆమెని వసారా దాటి రానియ్యలా.

మూడు ఆదివారాల్లో ఆ పొడుగాయనకి ఒకటే అయింది. నొప్పి ఈపాటికి తిరిగొచ్చుంటాది. సందులో కారు ఆగిన చప్పుడు వినిపిస్తే ముందు చెప్పులేసుకుంటా. ఆ తర్వాత లేచి పోయి, అల్లుడా, ఇంకొకరా చూస్తా.